ర

పోయిన వారం మిడ్ పరీక్షల పేపర్లు దిద్దుతున్నాను. సెకండియర్ బీఏ. ఒక అమ్మాయి పేపర్లో క్రావడి ఒక్కటీ లేదు. పభుత్వం, పయత్నం, పజలు, చందుడు. కనపడిన చోటల్లా ఎర్ర సిరాతో సున్నలు చుట్టుకుంటూ పోయాను. రెండో పేజీ చివరికొచ్చేసరికి ఆ కాగితం అమ్మవారు పోసిన ఒళ్ళులాగా తయారైంది. అప్పుడు చెయ్యి ఆగింది. ఆ రాతలో మా అమ్మమ్మ గొంతు వినపడింది.

అందుకని మిత్రులారా, ఈ వారం రాజకీయాలు పక్కనపెట్టి ఒక్క అక్షరం గురించి రాస్తాను. ర. పక్కనపెట్టానో లేదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

తెలుగు ఎమ్మే చేసినవాళ్ళకి ఈ అక్షరం వేషాలు తెలుసు. మామూలు ర ఉంది. ఇంకో హల్లు కింద చేరితే క్రావడి. పాత పుస్తకాల్లో వలపలగిలక ఉండేది. వలపల అంటే కుడివైపు. ధర్మం అని రాయాలంటే ముందు మ రాసి, దాని కుడిపక్కన తెలుగు తొమ్మిదంకె లాంటి గిలక పెట్టేవాళ్ళు, ధమ౯ం అని. ఇక బండి ఱ, పండితుల శకటరేఫ. ఇప్పుడు అచ్చులో దాదాపు కనపడదు గానీ ఒకప్పుడు అర్థాన్నే మార్చేది. మామూలు ర తో ఏరు అంటే ఎద్దుల్ని కట్టిన నాగలి. ఏరువాకలో ఉన్నది అదే. బండి ఱ తో ఏఱు అంటే నీళ్ళు పారేది. ఇప్పుడు రెండూ ఒకేలా రాస్తున్నాం, ఎవరూ నాగలిని తీసుకుపోయి నీళ్ళలో ముంచలేదు. ఈ రెండు ర లనీ కలిపి ప్రాస వేయొచ్చా కూడదా అని లాక్షణికులు తెగ వాదించుకున్నారు. పీహెచ్‌డీ రోజుల్లో ఆ వాదనలన్నీ శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను. మా పల్లెలో ర ఎట్లా పనిచేసిందో రాసుకోవాలని మాత్రం తట్టలేదు.

అసలు సంగతి క్రియల చివర ఉంది. అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. గేదె వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ గేదెకీ మన భాష ఒకటే క్రియ ఇచ్చింది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం తెచ్చి, మహత్తు, అమహత్తు అని ఈ విభజనని సూత్రాల్లో బిగించాడు. బహువచనానికొచ్చేసరికి లెక్క మారుతుంది. ఆడవాళ్ళు వచ్చారు. గేదెలు వచ్చాయి. అంటే, పదిమంది కలిసి వచ్చినప్పుడు వాళ్ళు మనుషులా కాదా అని తేల్చేది ఆ చివరి రు. అది ఉంటే మనుషులు. లేకపోతే గొడ్లు, గంపలు, ముంతలు.

మా ఊళ్ళో ఆసామి భార్య వాకిట్లో నిలబడి పాలేరుని అడిగేది, "పల్లెలోంచి కూలోళ్ళు వచ్చినయ్యా?" అని.

వచ్చినయ్యా. ఆ కూలోళ్ళలో మా అమ్మ ఉండేది. బడి సెలవుల్లో మిరపకాయల కోతకి నేనూ పోయేవాణ్ణి, అమ్మ వెనక నిలబడి ఆ మాట వినేవాణ్ణి. అందులో తిట్టు లేదు. ఆమెకి కోపం కూడా లేదు. అదే గొంతుతో "ఎండ మండిపోతంది, నీళ్ళు తాగండే" అనేది, దోసిట్లో పైనుంచి పోసేది. పసిపిల్లల్ని కూడా ముద్దుగా పిల్లలు వచ్చాయి అంటాం కదా అని మీలో ఎవరైనా అనొచ్చు. అంటాం. యాభై ఏళ్ళ కూలిమనిషిని ముద్దుచేసే ఆసామి భార్యని మాత్రం నేను చూడలేదు.

డ కీ ర కీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే మా ఇంట్లో ఒక కాగితం ఉంది. తాతకి బంజరు భూమి ఇచ్చినప్పటి డీ-పట్టా. సర్కారు ముద్ర పక్కనే, సర్కారు సిరాతో, తాత పేరు చివర గాడు అని ఉంది. అది గారు అయింది నా పెళ్ళి శుభలేఖలో. ఆ కార్డు అచ్చుకి ఇచ్చేటప్పుడు ఇంకేదీ సరిచూసుకోలేదు, ఆ ఒక్క మాట నాలుగుసార్లు చూసుకున్నాను. అప్పటికి తాత పోయి పదేళ్ళు.

నాయన సంగతి వేరు. ఆసామి కొడుకు నా ఈడువాడే, ఐదో తరగతి. మా గడప దగ్గర నిలబడి "ఒరేయ్, మా నాన్న రమ్మంటున్నాడు, రా" అని పిలిచేవాడు. నా నాయన్ని. ఆ ఒక్క మాటలో మూడు ర లు. నాయన "వస్తన్నా బాబూ" అనేవాడు. ఆ రాత్రే అమ్మ నన్ను "రారా, అన్నం తిందువు" అని పిలిచేది. అందులోనూ రెండున్నాయి. అక్షరం చేసిన తప్పేం లేదు. తిరిగి అనగలిగితే రా అంటే చనువు. నాయన తిరిగి అనలేడు. ఎదురుమాట ఖరీదెంతో మా పాత ప్రకాశం జిల్లాలో పెద్దవాళ్ళకి కారంచేడు చెప్పింది. 1985 జులై 17. తాగే చెరువు నీళ్ళు పాడుచేయొద్దన్న మాట దగ్గర మొదలై ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. నేనప్పటికి పుట్టలేదు. నా పుట్టుక ముందే మా ఇంట్లో "బాబూ" ఖాయమైపోయింది.

ఇక అమ్మమ్మ. 1878లో ఒంగోలు బాప్టిస్టు మిషన్ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ దారిన మా ఇళ్ళలోకి వచ్చిన మాటలు చూడండి. క్రీస్తు, ప్రభువు, ప్రార్థన, ప్రసంగం, గ్రంథం. అన్నిట్లోనూ క్రావడే. అమ్మమ్మకి ఒక్కటీ నోరు తిరిగేది కాదు. కీస్తు, పెబువు, పార్దన. తెల్లారుజామున లేచి ఆ మాటలతోనే మొరపెట్టుకునేది. ఆయన ఎప్పుడూ "సరిగ్గా అను" అన్లేదు.

బళ్ళో అయ్యవారు అన్నాడు. నాలుగో తరగతిలో నన్ను నిలబెట్టి ప్రజలు అనమన్నాడు. పెజలు అన్నాను. తరగతంతా నవ్వింది. ప్ర ప్ర ప్ర అనుకుంటూ వారం రోజులు చెరువుగట్టు మీద తిరిగాను, నాలిక దారికొచ్చింది. ఇంక ఊరుకుంటానా, ఇంటికొచ్చి అమ్మమ్మని దిద్దడం మొదలుపెట్టాను. పెబువు కాదే, ప్రభువు. ఆమె రెండు మూడుసార్లు ప్రయత్నించి నవ్వేసింది. ఆ తర్వాత నా ముందు పైకి ప్రార్థన చెయ్యడం మానేసింది. నేనది గమనించడానికి పాతికేళ్ళు పట్టింది. అప్పటికి చెప్పుకోవడానికి ఆమె లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే ఈ రాతంతా ఊళ్ళోవాళ్ళ మీద ఫిర్యాదుగా మిగులుతుంది. మా కాలేజీ అటెండరు యాభై దాటినాయన, మన పల్లెల్లోంచి వచ్చినాయనే. కిందటి నెల స్టాఫ్‌రూంలోంచి ఆయన్ని అడిగాను, "హాస్టల్ పిల్లలు వచ్చాయా?" అని. ఆయన గుమ్మంలో ఆగి "వచ్చారు సార్" అన్నాడు. రు ని కాస్త ఒత్తి అన్నాడో, నాకే అట్లా వినపడిందో. ఆ పిల్లల్లో సగంమంది అమ్మలు మిరప కోతలకి పోయేవాళ్ళే.

పేపరు అమ్మాయిని పిలిచాను. క్రావడి ఎక్కడెక్కడ పోయిందో చూపించాను. తల వంచుకోలేదు. "మా అమ్మ ఇట్టాగే అంటది సార్. మీకు అర్థమైంది కదా?" అంది. అర్థమైందనే చెప్పాను. మార్కులు తగ్గించలేదు. ఎర్ర సున్నలు మాత్రం చెరిపితే పోయేవి కావు. సెమిస్టర్ పేపర్లు దిద్దేది నేను కాదమ్మా, వాళ్ళకి మీ అమ్మ గొంతు వినపడదు, అందుకు నేర్చుకో అన్నాను. ఈ మాట ఆ అయ్యవారి మాటకి ఎంత దూరమో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రావడం లేదు.

ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి ఐదుగురు వస్తున్నారు. వస్తున్నారు. మొదటిరోజు ఇంట్లోవాళ్ళ పేర్లు రాయమన్నాను, పిలిచేటట్టు ఒకసారి, ఆధార్‌లో ఉన్నట్టు ఒకసారి. ఆ అమ్మాయి వాళ్ళమ్మ పేరు రాసి పెన్ను ఆపి అడిగింది, "గారు పెట్టమంటారా సార్? ఆధార్లో లేదు" అని. పెట్టమన్నాను. నేను బోర్డు మీద నాయన పేరు రాశాను. ఇక్కడ రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. అందులో ఒక క్రావడి ఉంది. నా పదో తరగతి సర్టిఫికెట్టులో అది లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఆర్ ఎగిరిపోయింది. బళ్ళో చేర్చేటప్పుడు నాయన చెప్పింది చెప్పినట్టు ఎక్కించారు. అక్కణ్ణించి అది డిగ్రీలోకి, తెలుగు సాహిత్యంలో డాక్టరేటు పట్టాలోకి నడిచొచ్చింది.

మార్పిద్దామా అని ఒకసారి ఆయన్నే అడిగాను. చుట్ట నోట్లోంచి తీసి, "ఎట్టా పిలిచినా పలకతన్నాగా" అన్నాడు.