చిన్న పిస్తోళ్లు - మన యిండ్లు

లోకములో ఏదో యొక వస్తువును కూర్చుకొను వేడుక లేనివా రరుదు. ఒకరు తపాలాబిళ్లలు కూర్తురు; ఒకరు పాతనాణెములు కూర్తురు; మన మాడువారమో, సంక్రాంతి కొలువునకై బొమ్మలను తరతరములుగా దాచుకొని, ఏ బొమ్మ యే యూరినుండి వచ్చినదో పిల్లలకు చెప్పుచుందుము. ఇట్టి వేడుకలలో నొకటి చిన్న పిస్తోళ్లను కూర్చుట. "ఆడువారికి తుపాకుల గొడవ యేల?" యని సోదరీమణులు కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. కాని యీ వస్తువు దాచబడునది మన యింటిలోనే; ఆ బీరువా చుట్టును తిరుగాడునది మన పిల్లలే. కావున దీనిని గూర్చి పురుషులతో పాటు మనకును తెలిసియుండుట యవసరమని మా యభిప్రాయము. ఆ యభిప్రాయము మా కెట్లు కలిగినదో మనవి చేసెదము.

మా అత్తవారిది కాకినాడ. మా మామగారు ఉద్యోగము విరమించిన పిదప వీథిగదిలో నొక అద్దాల బీరువా చేయించి, అందులో 7 పాత చిన్న పిస్తోళ్లను వరుసగా పేర్చుకొనిరి. అవి యేవియు ప్రేలునవి కావు. ఒకదాని గొట్టము త్రుప్పుతో పూడిపోయినది. ఒకదాని మీట విఱిగినది. పాతకాలపుదై గాని శిథిలమై గాని, బాగుచేసినను ప్రేల్చుటకు వీలుకాని యాయుధమునకు మన దేశపు 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము వర్తింపదు. అయినను మామగారు వాని నన్నిటిని అధికారులకు చూపి, పరీక్ష చేయించి, ఆ కాగితములను జాగ్రత్తపెట్టిరి. ఇవి గాక వారి తండ్రిగారి నాటినుండి వచ్చిన .32 రివాల్వరొకటి కలదు. అది ప్రేలునది, దానికి లైసెన్సు కలదు. అది అద్దాల బీరువాలో గాక యినుప పెట్టెలో నుండెడిది. ఆ పెట్టె తాళపుచెవి మామగారి యొద్ద, తూటాల పెట్టె తాళపుచెవి మా అత్తగారి యొద్ద. ఒకరికి తెలియకుండ మఱియొకరు ఆ రెంటిని ఒకచోట చేర్చుటకు వీలు లేదు.

మామగారికి చూపు మందగించిన తరువాత వారి పుస్తకములో వివరములు వ్రాయు పని మాకు వచ్చినది. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొని వచ్చినంతనే, "అమ్మాయీ, భూతద్దము తెచ్చి యీ ముద్రలో నేమున్నదో చదువు" మనెడివారు. అట్లు నాలుగైదేండ్లు వ్రాయగా వ్రాయగా మాకు నీ విద్య కొంత పట్టుబడినది.

మొదట కొలతల సంగతి. గొట్టపు లోపలి వెడల్పును బట్టి తుపాకికి పేరు వచ్చును. ఆంగ్లేయులును అమెరికావారును అంగుళమును నూఱు పాళ్లుగా చేసి చెప్పుదురు. .22 అనగా నూటికి 22 పాళ్లు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. .25 అనగా 6.35 మిల్లీమీటర్లు. .32 అనగా సుమారు 8. ఈ మూడును చిన్న కొలతలుగా నెంచబడును. పూర్వము పిస్తోలులో మందు వేఱుగా, గుండు వేఱుగా దట్టవలసి యుండెను. 1857లో అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ వారు, మందును గుండును ఒక్క లోహపు తూటాలోనే యిమిడ్చి, దానికి తగిన .22 రివాల్వరును అమ్మకమునకు తెచ్చిరి. నాటినుండి పిస్తోలు చిన్నదగుటకు త్రోవ యేర్పడెను. ఇరువదవ శతాబ్దారంభమున జాన్ బ్రౌనింగు కల్పించిన 6.35 మిల్లీమీటర్ల జేబు పిస్తోలును బెల్జియము దేశపు కర్మాగారమువారు తయారుచేసిరి. దాని నిడివి నాలుగున్నర అంగుళములు మాత్రమే. అరచేతిలో నుంచుకొని వ్రేళ్లు మూసిన కొనయే కనబడును.

అంతకంటె చిన్నది కోలిబ్రి. పువ్వులలో తేనె త్రాగు నతిచిన్న పక్షి పేరది. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ ఫాన్ల్ అను గడియారములు చేయువాడు దీనిని కల్పింపగా, 1914లో బయటికి వచ్చెను. దాని కొలత 2.7 మిల్లీమీటర్లు, గుండు బరువు గ్రాములో అయిదవ వంతు. బంగారము తూచు గురిగింజలతో చెప్పవలెనన్న రెండు గురిగింజల యెత్తైనను లేదు. ఇట్టివి సుమారు 1000 మాత్రమే తయారైనవట. కావుననే పిస్తోళ్లు కూర్చువారు దానికై దేశదేశముల వెదకుదురు.

స్త్రీలకని చేసినవియు కలవు. చలిదేశముల స్త్రీలు చేతులు వెచ్చగా నుండుటకు రెండువైపుల తెఱచియున్న ఉన్నితిత్తిలో చేతులు దూర్చుకొనెడివారు. ఆ తిత్తిలో దాగునట్టి పిస్తోళ్లు పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో చేయబడెను. మా మామగారి బీరువాలో అన్నిటికంటె మేము మెచ్చినది మఱియొకటి. అది యానాములో నొక పాతయింటి సామానులతో దొరకినది. ఫ్రెంచివారి సైకిలు రివాల్వరు. పందొమ్మిదవ శతాబ్దపు చివర సైకిళ్లు క్రొత్తగా వచ్చినప్పుడు, వీథికుక్కలు వెంటబడి కఱచుచుండగా, వానిని బెదరించుటకై ఫ్రాన్సులో గాలాన్ అను వారు దీనిని చేసిరి. దాని పేరు "వెలోడాగు". సైకిలును, కుక్కయు కలిసిన పేరు. జేబులో చిక్కుకొనకుండ దీని మీట లోపలికి మడచుకొనును. కుక్కను చంపుట యిష్టము లేనివారికి గుండునకు బదులు మిరపకారము నింపిన తూటాలు కూడ నుండెడివట! మా అత్తగారు ఈ సంగతి విని, "మన వంటింటి సరకే వారికి మందుగుండా!" యని నవ్విరి.

ఈ వేడుకలో ఆరితేఱినవారు చూచునది మెఱుగు కాదు. మన మింటికి తెచ్చిన రాగిచెంబును చింతపండుతో తోమి తళతళలాడింతుము. పాత పిస్తోలు నట్లు తోమిన దాని వెల సగమునకు సగము పడిపోవును. పాతరంగు, పాతగీతలే దానికి విలువ. మన నగలపై హాల్‌మార్కు ఉన్నట్లే, లండను, బర్మింగ్‌హాము, లియేజి పట్టణములలో పరీక్షింపబడిన తుపాకులపై పరీక్షాశాల ముద్ర యుండును. లియేజి ముద్ర కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. మఱియు చాలవానికి నొక సంఖ్య యుండును. ఆ సంఖ్యయే దాని జాతకము.

ఆ సంఖ్య యెంత పని చేయునో చూడుడు. 1928 డిసెంబరు 17వ తేదీన లాహోరులో సాండర్సును కాల్చినప్పుడు భగత్‌సింగు చేతనున్నది .32 కోల్టు పిస్తోలు. దాని సంఖ్య 168896 అని విచారణ కాగితములలో నుండెను. ఆ పిస్తోలు చేతులు మారి మారి, ఇందూరులోని సరిహద్దు భద్రతాదళమువారి ఆయుధ శిక్షణశాలకు చేరి, త్రుప్పు పట్టకుండ పూసిన నల్లరంగు క్రింద ఎన్నో యేండ్లు గుర్తు తెలియకయే పడియుండెను. 2016-17 ప్రాంతమున ఆ రంగు గీకి చూడగా సంఖ్య సరిపోయినది. 2017లో దానిని పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించి ప్రజల దర్శనార్థ ముంచిరి. సంఖ్యను వ్రాసిపెట్టిన వారొకరు, దానిని వెదకిచూచిన వారొకరు లేకున్న, ఆ వస్తువు నేటికిని పేరులేని యినుపముక్కయే. కూర్చువారి శ్రమ వ్యర్థము కాదని దీనివలన మాకు తోచినది.

అయితే యీ వేడుకలో నొక మాయ కలదు. చిన్న వస్తువును చూచిన మనకు ముద్దు కలుగును. చిన్న చెంబు, చిన్న దీపము, చిన్న పిస్తోలు, అన్నియు బొమ్మలవలెనే తోచును. కాని 1865 ఏప్రిల్ 14న అబ్రహాము లింకనుపై ప్రేలినది అరచేతిలో నిమిడెడి డెరింజరు పిస్తోలు. 1914 జూన్ 28న సరాయెవోలో యువరాజు ఫ్రాంజు ఫెర్డినాండును, ఆయన భార్య సోఫియాను చంపి, ప్రపంచయుద్ధమునకు నెపమైనది జేబులో నిమిడెడి బ్రౌనింగు. 1948 జనవరి 30న గాంధీమహాత్ముని మనకు లేకుండ చేసినది చిన్న బెరెట్టా పిస్తోలు. వీని గొట్టములు .32 కంటె వెడల్పైనవే. కాని అన్నియు బట్టలలో దాగునవే. చిన్నదగుటవలన పిస్తోలు హాని తగ్గలేదు. దాచుటకు వీలు పెరిగినది.

ఈ మాయ మన యాడువారిమీదకును వచ్చినది. 2014లో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారమువారు స్త్రీల రక్షణమునకని "నిర్భీక్" అను .32 రివాల్వరును చేసిరి. బరువు అరకిలో, వెల 1,22,360 రూపాయలు. దానిని కెంపురంగు నగలపెట్టెలో పెట్టి యిచ్చిరి. ఆడువారికి నగలపై మక్కువ గదా యని వారి తలంపు కాబోలు! నగను పెట్టెలో దాచిన భయము దొంగవలన. పిస్తోలును దాచిన భయము ఇంటివారివలన కూడ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 2 కోట్ల 60 లక్షల మందికి పైబడిన వయోజనుల సంగతులను 2004 నుండి 2016 వఱకు గమనించి, 2020లో పరిశోధకు లొక విషయము ప్రకటించిరి. తుపాకితో తమ ప్రాణము తామే తీసికొను ప్రమాదము, కైతుపాకి గల పురుషులలో లేనివారికంటె సుమారు 8 రెట్లు, కైతుపాకి గల స్త్రీలలో లేని స్త్రీలకంటె సుమారు 35 రెట్లు. మనసు చెదరిన ఘడియ ఎవరికైనను రావచ్చును. ఆ ఘడియ గడచువఱకు చేతికి అందకుండుటయే రక్ష.

మా మామగారు 81వ యేట స్వర్గస్థులైరి. కర్మలు ముగియుటకు ముందే రివాల్వరు మాట వచ్చినది. లైసెన్సు గలవారు గతించినయెడల వారసులు ఆయుధమును ఆలస్యము లేక పోలీసుఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారియొద్ద గాని అప్పగింపవలెనని చట్టము. మా వారు దాని నట్లే అప్పగించి రసీదు తెచ్చిరి. పిమ్మట తగవు పుట్టినది. మా మఱది, "నాన్నగారి గుర్తు, నా పేర లైసెన్సు పెట్టుకొని తెచ్చుకొందు" ననెను. మా వారు, "తాతగారి వస్తువు పరులకు పోవుటయా?" యనిరి. అన్నదమ్ములు రెండు దినములు సరిగా మాటాడుకొనలేదు. మఱది కొడుకు తొమ్మిదేండ్లవాడు, "తాతగారి తుపాకి మనకే వచ్చునా, పెద్దమ్మా?" యని మమ్ము నడుగుచుండెను. వాని కన్నులలోని వెలుగు చూచి మాకు గుండె జల్లుమన్నది.

మా అత్తగారు కొడుకుల నిద్దఱను పిలిచి, "నాయనా, దానిని మీ నాన్నగారు నలువదియేండ్లు కాచినారు. తూటాలను నేను కాచితిని. ఊళ్లు తిరుగు ఉద్యోగములు మీవి. ఉదయము పోయి రాత్రి వచ్చువారు మీ భార్యలు. మీలో కాచువా రెవరో చెప్పుడు, ఇప్పుడే వ్రాసి యిచ్చెదను" అనిరి. ఎవ్వరును నోరెత్తలేదు. తుదకు అందఱు సమ్మతించి, అనుమతి పొంది, దానిని లైసెన్సు గల వ్యాపారికి విక్రయించిరి. ప్రేలని యా 7 పిస్తోళ్లును, మామగారి పుస్తకమును మాత్రము మా యింటనే యున్నవి. పిల్లవానికి వెలోడాగు కథ చెప్పితిమి; కుక్కలకు కారపు తూటాలన్న వాడును తన నాయనమ్మవలెనే నవ్వినాడు.

సోదరీమణులారా! మీ యిండ్లలో నిట్టి వేడుక గలవా రున్నచో వారిని పరిహసింపకుడు. వారి విద్యను మీరును కొంత నేర్చుకొనుడు. ఏది ప్రేలునది, ఏది ప్రేలనిది, ఏ కాగిత మెక్కడ నున్నది తెలిసికొనుడు. ప్రేలవను దానినైనను నిపుణునిచే పరీక్ష చేయింపక నమ్మకుడు. పూర్వము ఒక్కొక్కరికి 3 తుపాకుల వఱకు అనుమతి యుండగా, 2019 సవరణచట్టము దానిని 2కు తగ్గించినది. కావున మన దేశమున సామాన్యుల కీ వేడుక చాలవఱకు పాతవస్తువులతోడను, పుస్తకములతోడను తీరవలసినదే. చూడవలెనన్న హైదరాబాదులో 1951లో తెఱవబడిన సాలార్‌జంగు మ్యూజియములో ఆయుధములు కలవు. అమ్మాయిలకు గుఱి నేర్పవలెనన్న, నియమముతో నేర్పు క్రీడాశాలలు కలవు. హైదరాబాదు బాలిక ఈషా సింగు, మనూ భాకర్, రిథమ్ సాంగ్వానులతో కూడి, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పందెమున స్వర్ణము గెలుచుకొనినది. అది .22 కొలత పిస్తోలే. చిన్న పిస్తోలు ఆడుపిల్లల చేత కీర్తి తెచ్చిన చోటది.

ఇంటిలో ప్రేలు తుపాకి యున్నయెడల, తూటాలు వేఱొక పెట్టెలో, వేఱొక తాళముతో నుండవలెను. ఇంటిలో నెవరికైనను మనసు బాగుండనప్పుడు లైసెన్సు గల వ్యాపారియొద్దకు దానిని పంపివేయుడు. "నే నున్నాను గదా, నీ కెందుకు?" అని పెద్దవా రన్నను, ఈ యొక్క విషయమున గృహిణి తన మాట విడువగూడదు.