నల్ల వచ్చే వేళ మొదటి అడుగు

అరికాలు నొప్పి అన్న మనిషికి ఊరంతా కలిసి చెప్పే సలహా ఒకటుంది: నడక తగ్గించు, కాలికి విశ్రాంతి ఇవ్వు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పేవాళ్ల మనసు మంచిదే, కానీ వినేవాళ్ల బతుకు వైపు ఒక్కసారైనా చూసి చెప్పరు. బొంబాయి గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి తూర్పుకు, కామాఠీపురా గల్లీల్లోకి వెళ్తే తరాలుగా చాళ్లలో కాపురాలు చేస్తున్న తెలుగువాళ్లు కనిపిస్తారు. తాపీ పని, బట్టల కొట్లో గుడ్డలు విప్పి చూపించే పని, తార్‌దేవ్ ఫ్లాట్లలో వంటపని, గేటు దగ్గర వాచ్‌మన్ పని. వీటిలో కూర్చుని చేసే పని ఏది? ఇలాంటి వాళ్లతో విశ్రాంతి తీసుకోమంటే జీతం వదులుకోమన్నట్టే. పైగా ఆ సలహా వైద్యం ప్రకారం కూడా సగమే నిజం. నొప్పి మరీ ముదిరినప్పుడు నాలుగు రోజులు భారం తగ్గించాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ పాదం బాగుపడేది మాత్రం బరువు మోయడం మళ్లీ అలవాటు చేస్తేనే. ఆ అలవాటు చేసే సాధనాలు చాళ్లోనే ఉన్నాయి. కాలిని చెడగొట్టే కారణాలు కూడా అక్కడే ఉన్నాయి.

మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక దళసరి పట్టీ ఉంటుంది. డాక్టర్లు దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. వింటికి నారి ఎలాగో పాదం వంపుకు అది అలాగ. వేళ్లు పైకి వంగినప్పుడల్లా ఆ పట్టీ బిగిసి వంపును పైకి లేపుతుందని 1954లో జాన్ హిక్స్ వివరించాడు. అంటే మనం వేసే ప్రతి అడుగు చివరా అది సాగి, బిగిసి, ఒంటిని ముందుకు తోస్తోంది. పిక్క బిగుసుకుపోయి చీలమండ సరిగా వంగకపోవడం, ఒంటి బరువు పెరగడం, పని వేళంతా నిలబడే ఉండడం. ఈ మూడింటికీ మడమ నొప్పితో సంబంధముందని 2003లో డేనియల్ రిడిల్ బృందం అమెరికాలో తేల్చింది. అదే ఏడాది హార్వే లెమాంట్ బృందం, ఆపరేషన్లలో తీసిన 50 మంది కణజాలాన్ని పరిశీలించి, అందులో వాపు జాడలు లేవనీ, ఉన్నది క్షీణించిన పీచేననీ రాసింది. నొప్పి మాత్రలు మింగితే రెండు పూటలు ఉపశమనం దొరికి, మూడో పూట నొప్పి మళ్లీ ఎందుకు మొదలవుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. వాపు లేనిచోట వాపు తగ్గించే మందు చేసేది తక్కువ. మన పాత వైద్యులు కూడా దీన్ని గమనించకపోలేదు. అష్టాంగ హృదయం వాతకంటకం అనే పేరుతో చెప్పిన పాదం నొప్పికి రెండు కారణాలు చూపించింది: అడుగు వంకరగా పడడం ఒకటి, శ్రమ రెండోది. శ్రమ అన్న ఆ ఒక్క మాటను నేటి చీటీల్లో ఎవరూ రాయడం లేదు.

ఈ నొప్పిని గుర్తుపట్టడానికి పొద్దుటి మొదటి అడుగు చాలు. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పిక్కా, పట్టీ కుంచించుకుంటాయి. లేచి నిలబడగానే ఒంటి బరువంతా ఒక్కసారి పడి ఆ పట్టీని లాగుతుంది. పది ఇరవై అడుగులు వేశాక సర్దుకుంటుంది. మళ్లీ చాలాసేపు కూర్చుని లేచినప్పుడు అదే పోటు. ఇప్పుడు చాళ్లో ఆ మొదటి అడుగు ఎలా పడుతుందో చూడండి. వర్లీ బీడీడీ చాళ్లలో గది 160 చదరపు అడుగులు. కామాఠీపురాలో చాలా ఖోలీలు అంతకన్నా చిన్నవే. మునిసిపల్ నీళ్లు వచ్చేవి లెక్కపెట్టిన కాసేపే. నల్ల వచ్చిందన్న కేక వినపడగానే చాప మీది మనిషి ఒక్క ఉదుటున లేవాలి. కాలు పడేది షాబాద్ బండ మీద. నడిచేది పరుగులాంటి నడక. తిరుగు దారిలో చేతికి నిండు బిందె. బిందెలన్నీ నిండేసరికి వసారా చివర పాయిఖానా ముందు వరస. రోజు మొత్తంలో పట్టీ అన్నిటికన్నా బలహీనంగా ఉండే నిమిషంలోనే దాని మీద అన్నిటికన్నా పెద్ద బరువు, అన్నిటికన్నా గట్టి నేల మీద, అన్నిటికన్నా తొందరగా పడుతోంది. నొప్పికి అసలు కారణం నా దృష్టిలో ఇక్కడుంది. దీన్ని వదిలేసి రోజంతా నడక లెక్కపెట్టడం వృథా.

అందుకే మందు కూడా ఆ అడుగు కంటే ముందే మొదలవ్వాలి. చాప మీద కూర్చునే నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లను చేత్తో పట్టి కాలి ముందెముక వైపు లాగి, పది లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు. పొద్దున మొదటి అడుగుకు ముందు ఒకసారి, పగలు ఇంకో రెండుసార్లు. 2003లో బెనెడిక్ట్ డిజియోవాని బృందం మొండి మడమ నొప్పి ఉన్న 101 మందితో ఎనిమిది వారాల పరీక్ష చేసి, పిక్కను సాగదీసే మామూలు వ్యాయామం కన్నా అరికాలినే సాగదీసే ఈ పద్ధతి మెరుగని చూపించింది. రెండో పని మెట్ల మీద. తువాలును చుట్టగా చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు దాని మీద ఆనేలా ఒంటికాలి మీద నిలబడి, మూడు లెక్కల్లో మడమ పైకెత్తి, రెండు లెక్కలు ఆగి, మూడు లెక్కల్లో దించాలి. రోజు విడిచి రోజు. అలవాటైన కొద్దీ వీపు సంచిలో పుస్తకాలు పెట్టి బరువు పెంచాలి. డెన్మార్క్‌లో మైఖేల్ రాత్‌లెఫ్ బృందం 48 మంది మీద చేసిన ఈ ప్రయోగం 2015లో అచ్చయింది. మూడు నెలలయ్యేసరికి బరువెత్తినవాళ్లకు నొప్పి స్పష్టంగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి సాగదీత ఒక్కటే చేసినవాళ్లూ వాళ్లతో సమానమయ్యారు, అది కూడా చెప్పాలి. కానీ రోజుకూలీ మనిషికి ఆ మధ్య నెలలే అసలైన నెలలు. ఏడాది ఆగితే తగ్గుతుందన్న మాట మన గల్లీలో ఎవరికీ అన్నం పెట్టదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దెబ్బతిన్న దాని మీద ఇంకా బరువు వేయమంటారేమిటి, ఇంకా చిరిగిపోదా అని. తొందరగా, చల్లటి కాలితో వేసే బరువు వేరు, నెమ్మదిగా, లెక్కగా, కొద్దికొద్దిగా పెంచే బరువు వేరు. మొదటిది పీచును లాగేస్తుంది, రెండోది పీచును గట్టిపడమంటుంది. ఇంకొందరు ఎక్స్‌రే చూపించి, మడమలో ఎముక పెరిగింది కదా, అది కోసేస్తే గాని పోదు కదా అంటారు. ముల్లులాంటి ఆ ఎముక, నొప్పి బొత్తిగా లేనివాళ్లలోనూ బోలెడంత మందికి ఉంటుంది. ఉన్నవాళ్లకు నొప్పి పోయాక కూడా అది అక్కడే ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని కొడుకులూ కూతుళ్లూ అప్పు కోసం తిరగడం చూస్తే బాధేస్తుంది. ఇంజెక్షన్ సంగతీ అంతే. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్ష ప్రకారం స్టెరాయిడ్ సూది వల్ల నొప్పి తగ్గింది మొదటి నాలుగు వారాలే. పదేపదే వేయిస్తే పట్టీ తెగే ప్రమాదం కూడా ఉంది. అయితే అరికాలి బాధ అంతా ఇదే అనుకోకూడదు. పోటు బదులు మంటలూ తిమ్మిర్లూ ఉంటే షుగర్ చూపించుకోవాలి. పడుకున్నా తగ్గని నొప్పి, కాలి వాపు, కుర్రవయసులోనే రెండు మడమలతో పాటు నడుమూ పట్టేయడం లాంటివి ఉంటే చాళ్లో మెట్లు చాలవు. నాయర్ ఆస్పత్రి నడిచి వెళ్లే దూరమే. 1955లో మొదలైన అఖిల భారత ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్ సంస్థ హాజీ అలీ దగ్గరే ఉంది.

ఇక చెప్పుల మాట. దీని మీద నాకు పట్టింపు ఎక్కువ, దాచను. మన ఇళ్లలో చెప్పులు గడప బయటే ఉండాలి. వీధి మురికి ఇంట్లోకి రాకూడదన్నది మంచి నియమం, ముఖ్యంగా వంటా, నిద్రా, దేవుడూ ఒకే గదిలో ఉండే చోట. ఆ నియమం పుట్టింది మట్టి నేల మీద, పేడతో అలికిన ఇంట్లో. బొంబాయి చాళ్లో నేల షాబాద్ బండ. ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న షాబాద్ గనుల రాయి, తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ కూడా కాలి కింద అదే. రాయి ఇవ్వదు, ఒదగదు; పాదం పడ్డ దెబ్బంతా పాదమే భరించాలి. కాబట్టి ఇంట్లోకని ఒక జత వేరుగా ఉండాలి, గడప దాటని జత, పడుకునేటప్పుడు చాప పక్కనే ఉండే జత. మొదటి అడుగు బండ మీద కాక దాని మీద పడాలి. దేవుడి పటం ముందు విడిచేస్తే సరిపోతుంది. పెద్దవాళ్లకు ఇది రుచించదని తెలుసు. కానీ మడి పేరుతో తల్లి కాలు కుంటుతుంటే ఆ మడి ఎవరికోసం? ఆ జత కూడా ఏదో ఒకటి అయితే కుదరదు. అరిగి కాగితమంత పలచనైన హవాయి చెప్పు బండకూ కాలికీ మధ్య ఉన్నా లేనట్టే. కొల్హాపురి చూపుకు అందం, కానీ ఆ తోలు అట్ట గట్టిగా, చదునుగా ఉంటుంది, నొప్పి ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టాలి. ఎంసీఆర్ చెప్పు అడిగి తెచ్చుకోవాలి. సన్నని గాలి గదులున్న ఆ మెత్తటి రబ్బరును వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్టు రోగుల స్పర్శ లేని పాదాలను పుండ్ల నుంచి కాపాడడానికి వాడుకలోకి తెచ్చారు. నొప్పి తెలియని కాళ్ల కోసం పుట్టిన చెప్పు నొప్పితో బాధపడే కాళ్లకూ పనికొచ్చింది. కాలి అచ్చు తీసి వేల రూపాయలకు చేసిచ్చే అట్టలు అవసరం లేదు. 2006లో ఆస్ట్రేలియాలో కార్ల్ లాండార్ఫ్ బృందం 135 మంది మీద పరీక్షిస్తే, కొలిచి చేయించిన అట్టకూ కొట్లో దొరికే అట్టకూ తేడా కనపడలేదు. డబ్బు దండుగ చేయొద్దని ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

మరి మన తాతలు చెప్పుల్లేకుండానే బతికారు కదా, వాళ్లకు లేని నొప్పి మనకెందుకు అంటారు. ఇది తీసిపారేసే అభ్యంతరం కాదు. 1992లో రావు, జోసెఫ్ అనే డాక్టర్లు మన పొరుగు రాష్ట్రంలో 2300 మంది పిల్లల పాదాలను పరిశీలించి, చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతమేనని చూపించారు. పిల్లల్ని మట్టిలో ఉత్త కాళ్లతో ఆడనివ్వడం మంచిదే. కానీ అది వంపు ఏర్పడే వయసు లెక్క. నలభై ఏళ్లు దాటి, పది గంటలు రాతి మీద నిలబడే మనిషి మడమ గురించి ఆ లెక్క ఏమీ చెప్పదు. పైగా తాతలకు నొప్పి లేదని ఎవరు రాసిపెట్టారు? 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యం వదిలి వచ్చిన కామాఠీలు ఈ నగరానికి రోడ్లు వేశారు, పల్లపు నేలలు పూడ్చారు, ఆడవాళ్లు మట్టి తట్టలు మోశారు. వాళ్ల పేరు ఒక పేటకు మిగిలింది. వాళ్ల మడమల మాట ఏ గెజిటీర్లోనూ లేదు. రాయని నొప్పిని లేని నొప్పిగా లెక్కేయడం న్యాయం కాదు.

ఆ తరం తర్వాత వచ్చింది మిల్లుల తరం. మగ్గం ముందు షిఫ్టంతా నిలబడే పద్మశాలీల సంగతి తీసుకోండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ప్రకారం నిలబడి పనిచేయక తప్పని కార్మికులందరికీ, పనికి అడ్డు రానప్పుడల్లా కూర్చునే ఏర్పాటు ఉండాల్సి ఉండేది. కాగితం మీదనైనా ఆ హక్కు ఉండేది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కార్మికుల కొడుకులూ కోడళ్లూ కొట్లకూ, గేట్లకూ, ఇళ్లకూ చెదిరారు. ఫ్యాక్టరీల చట్టం వెంట రాని చోట్లకు. కొట్లో గిరాకీ లేని మధ్యాహ్నం కూడా బల్లకు ఆనుకుంటే యజమాని ఊరుకోడు. కోజికోడ్ మిఠాయి తెరువులో సేల్స్‌గర్ల్స్ దీని మీదనే పోరాడారు. పి. విజి నడిపిన పెణ్‌కూట్టు అనే ఆడవాళ్ల సంఘం ఏళ్ల తరబడి అడిగాక 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఎత్తు బల్ల ఒకటి వెనకాల పెడితే వ్యాపారం దెబ్బతింటుందని కొట్టువాళ్లు అంటారు. గుడ్డ నాణ్యత చూసి కొనే మనిషి, అమ్మే మనిషి కూర్చున్నాడని లేచిపోడు. చెప్పులకూ మందులకూ ఇచ్చే శ్రద్ధలో సగం ఆ బల్లకు ఇస్తే చాలా మడమలు చికిత్స దాకా రావు. ఇంటి వంటగది మాత్రం ఈ రెండు రాష్ట్రాల సవరణల్లోకీ రాలేదు. రోజుకు నాలుగు ఫ్లాట్లలో చపాతీలు ఒత్తే తెలుగావిడ ఆ నాలుగు చోట్లా నిలబడే ఒత్తుతుంది. గట్టు ఎత్తుకు సరిపోయే స్టూలు ఒకటి ఆ వంటగదిలోనే, సామాను దించుకోవడానికి, మూలన ఉంటుంది. అది ఆవిడ కోసం ముందుకు జరగాలంటే ఏ చట్టమూ అక్కర్లేదు, ఇంటావిడ ఒక మాట అంటే చాలు. గల్లీల్లోని తెలుగు సంఘాలు పండగ చందాలతో పాటు ఈ ఒక్క మాటనూ ఇంటింటికీ తీసుకెళ్లాలని నా కోరిక.