వెల లేని పాట

సంగీతము వినుటకు వెల యియ్యవలెనా, వలదా యను ప్రశ్న పైకి చిన్నదిగనే కనబడును. కాని యే పాటను ఎవరు, ఎచ్చట, ఎవరి ప్రక్కను కూర్చుండి వినవచ్చునో విచారించితిమేని ఆ సంఘముయొక్క న్యాయబుద్ధి కొంత బయటపడును. అమెరికా దేశపు నడిమి సీమయందలి చికాగో నగరమున ఏటేట జరుగు సంగీతోత్సవములను చూచిన పిమ్మట మాకీ యభిప్రాయము దృఢపడినది.

ఆ నగరమున మిషిగన్ సరస్సు నొడ్డున గ్రాంటు పార్కను విశాలోద్యానము కలదు. 1935వ సంవత్సరమున, దేశమెల్ల ఆర్థికమాంద్యమున క్రుంగి వాద్యకారులు పనిలేక యుండగా, వారి సంఘాధ్యక్షుడు పెట్రిల్లోగారి పూనికచే అచ్చట ఉచిత సంగీతసభలు ప్రారంభమైనవి. వాద్యకారునకు కూలియు, పౌరునకు పాటయు ఒక్కసారిగనే లభించినవి. 1979లో జాజ్ ఉత్సవమును, 1984లో బ్లూస్ ఉత్సవమును, 1985లో గాస్పెల్ ఉత్సవమును వానికి తోడైనవి. ఉద్యానపు వాయవ్యభాగమున 2004లో తెరువబడిన మిలీనియం పార్కు నేడు వీనికి ముఖ్యస్థానము. పచ్చికపై కూర్చుండువారిని రుసుమడుగువారు లేరు.

బ్లూస్ అనునది దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలలో శ్రమించిన నల్లజాతివారి దుఃఖగీతము. ఫ్యాక్టరీ కూలి నాశించియు, అవమానములు సహింపలేకయు వారు లక్షలుగా ఉత్తరమునకు తరలివచ్చిరి. 1943లో మిసిసిపీనుండి వచ్చిన మడ్డీ వాటర్స్, పానశాలల రొదలో వినబడుటకై తన గిటారునకు విద్యుచ్ఛక్తిని జోడించి యీ నగరపు బాణీని నిలిపెను. ఆయన 1983లో మరణించెను. మరుసటి యేటనే యీ యుత్సవము మొదలైనది.

అట్టి పాటను తలదాల్చిన నగరము పాటగానిని తొలుత ఎట్లు చూచినది? ఈ ఉద్యానమునకు దక్షిణముగా కొలది మైళ్ల దూరమున, ఈ సరస్సునందే, 1919వ సంవత్సరము జూలై 27వ తేదీన పదునేడేండ్ల నల్లజాతి బాలుడు యూజీన్ విలియమ్స్ తెప్పపై తేలుచు తెల్లవారి స్నానఘట్టమువైపు పోయెను. ఒడ్డుననున్న తెల్లవాడొకడు రాళ్లు రువ్వగా బాలుడు మునిగి చనిపోయెను. పిమ్మట చెలరేగిన దొమ్మీలలో ముప్పదియెనమండ్రు మరణించిరి. నీటిపై గీత నిలువదు. మనుష్యుని మనస్సున మాత్రము నిలిచినది.

మేము కూర్చున్న పచ్చికపై నేడట్టి గీత కానరాలేదు. తెల్లవారును, నల్లవారును, మెక్సికో దేశీయులును, చీరెలు ధరించిన మా యింటి స్త్రీలును ఒకరి తుప్పటి యంచు నొకరిది తాకునట్లు కూర్చుండిరి. అయినను సభ ముగియగానే ఉత్తరపు రైలెక్కినవారెవరో, దక్షిణపు రైలెక్కినవారెవరో ముఖములే చెప్పినవి. ఆ నగరమున నేటికిని రెండు జాతులవారును చాలవరకు వేరు పేటలయందే వసించుచున్నారు. కనుక ఉత్సవమే న్యాయమని మేము భ్రమపడము. కాని కలిసి కూర్చుండుట యభ్యాసము కాని జనులకు కలిసి జీవించుట యెట్లు అలవడును?

పాటను మెచ్చి పాడువారిని వెలివేయుట మనకును తెలియని విద్య కాదు. పెండ్లిపందిట కళావంతుల మేళము నాడించి, ఆ స్త్రీలకు గృహిణుల గౌరవమును నిరాకరించిన దినములు మన పెద్దలెరిగినవే. నేడు మన సంగీతసభలలో ముందువరుస కుర్చీలు ఎవరికి కేటాయింపబడుచున్నవి? మన వీధిని డప్పు వాయించువాడు ఆ సభాద్వారము దాటి లోనికి రాగలుగుచున్నాడా? వచ్చినచో మన ప్రక్కను కూర్చుండుమని మనము జరిగి చోటిత్తుమా? చికాగో మాట యటుంచి, పాఠకులు ముందుగా ఈ ప్రశ్నలకు తమ యిండ్లలో ఉత్తరము వెదకుదురుగాక.