చలికి నశించు నెత్తురు

విజయదశమి రాత్రి మన దేవరగట్టున మాళమల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తులకొఱకు గ్రామములవారు కఱ్ఱలతో తలపడుదురు. తలలు పగిలినవారు గాయమునకు పసుపద్దుకొని మరల బన్నిలో కలియుదురు. ఆ చిందిన నెత్తురు లోకమెల్ల చూచును. ఇంటిలోని ముసలమ్మ నెత్తురు, చుక్కయైనను బయటికి రాక, లోలోన నశించుచున్నచో చూచువారెవరు? ఆ సంగతియే సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత గలదు. కావున మొగము పాలిపోయినదనగానే మునగాకు, బెల్లము, ఇనుపమాత్రలు అని మనమెల్లరము చెప్పుదుము. పెక్కుమందికది మేలే. కాని యినుముతో తీరని రక్తహీనతయు నొకటి గలదు. వైద్యులు దానిని కోల్డ్ అగ్లుటినిన్ వ్యాధి యందురు. అది అరుదు, హెచ్చుగా 60 ఏండ్లు దాటినవారికి వచ్చును.

శరీరమును కాపాడవలసిన ప్రతిరక్షకములే యీ వ్యాధిలో ఎఱ్ఱకణములను పగవారిగా నెంచును. వ్రేళ్లు, చెవులు, ముక్కుకొన చల్లబడగానే అవి కణములకంటుకొని గుంపులు కట్టించును. రక్తము మరల లోని వెచ్చదనమునకు వచ్చినప్పుడు ప్రతిరక్షకము వదలిపోవును. కాని యది పిలిచిన కాంప్లిమెంటు అను మాంసకృత్తు కణముపై ముద్రవలె నిలిచిపోవును. కాలేయమందలి భక్షకకణములు ఆ ముద్రను గుర్తించి కణమును మ్రింగును. సుమారు 120 దినములు బ్రతుకవలసిన కణము ముందే రాలిపోవును.

అయినను అన్నియు చావవు. రక్తమందలి యొక ఎంజైము ఆ ముద్రను తునకలు చేయును. తుదకు మిగులు సి3డి అను తునకను కాలేయపు భక్షకకణములు పట్టజాలవు. అంతియేగాక, అట్టి తునకలు నిండిన కణముపై క్రొత్త కాంప్లిమెంటు కుదురుకొనుట కష్టము. దెబ్బ తగిలిన గుర్తే కవచమగుట మాకెంతయు వింతగా దోచినది. 1945లో వెలువడిన కూంబ్స్ పరీక్షచే నేడు వైద్యులు ఆ తునకనే పట్టి వ్యాధిని గుర్తింతురు.

కావున చలిలో వ్రేళ్లు నీలివన్నె దాల్చినను, కన్నులు పచ్చబడినను, మూత్రము నల్లబడినను, ఇనుపమాత్రలతో సరిపెట్టుకొనక ఆ పరీక్షనుగూర్చి వైద్యునడుగుడు. రోగికి చలి తగులనీయకుడు. రక్తమెక్కింపవలసివచ్చినచో వెచ్చజేసి యెక్కింపవలెను. 2022లో అమెరికాలో అనుమతి పొందిన సుటిమ్లిమాబ్ అను మందు కాంప్లిమెంటును మొదటనే యడ్డగించును. అంత ఖరీదైన మందు అందకున్నను, ముసలమ్మ చేతులకు ఉన్ని తొడుగులు, స్నానమునకు వేడినీళ్లు మన చేతిలోని పనులే గదా!