వేచి ఉండే నిప్పు

యజ్ఞానికి కావలసిన అగ్నిని మన పూర్వులు అరణిని మథించి పుట్టించేవారు. ఆ అరణికి జమ్మిచెట్టు మీద మొలిచిన రావి కొయ్య శ్రేష్ఠమని భావించేవారు. జమ్మి తన గర్భంలో అగ్నిని దాచుకొని ఉంటుందని వారి విశ్వాసం. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు తమ ఆయుధాలను దాచినదీ జమ్మిచెట్టు మీదనే. నిప్పూ ఆయుధమూ రెండూ ఒకే చెట్టును ఆశ్రయించి, సమయం వచ్చేదాకా మౌనంగా ఉండడమనే భావన నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తూ వచ్చింది. తొలినాటి రాకెట్ యంత్రాల చరిత్ర చదువుతుంటే అది మళ్ళీ స్ఫురించింది. పురాణాలలోని అస్త్రాలన్నీ రాకెట్లేనని వాదించేవారితో నేను ఏకీభవించను. ఇది కేవలం పోలిక.

విమానం గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకొంటుంది. గాలి లేని చోటికి వెళ్ళవలసిన రాకెట్ ఇంధనంతోపాటు దానిని మండించే ఆక్సీకరణిని కూడా వెంట మోసుకొని పోవాలి. ఈ రెండింటినీ కలిపి చోదకాలు అంటారు. 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్‌లో రాబర్ట్ గొడ్డార్డ్ ఎగురవేసిన తొలి ద్రవ ఇంధన రాకెట్‌లో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ వాడారు. అది రెండున్నర సెకన్లపాటు ఎగిరింది. అయితే ద్రవ ఆక్సిజన్ సున్నాకు దిగువన 183 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. తొట్టిలో పోసిన క్షణం నుంచి ఆవిరి అవుతూనే ఉంటుంది. దానితో నడిచే రాకెట్‌ను ప్రయోగానికి కొద్ది ముందుగా నింపాలి, నింపాక ఎంతోసేపు నిలపకుండా ప్రయోగించాలి. నింపి పక్కన పెట్టుకోవడానికి వీలులేదు.

అలా నిల్వ ఉండే చోదకాల కోసం వెదకినవారిలో కాలిఫోర్నియాలోని పాసడీనాకు చెందిన కొందరు యువకులున్నారు. 1936లో ఫ్రాంక్ మలీనా, జాక్ పార్సన్స్, ఎడ్ ఫోర్మన్‌లు థియొడార్ ఫాన్ కార్మన్ అనే ఆచార్యుని అండతో ప్రయోగాలు మొదలుపెట్టారు. ఒకసారి వారి చేతిలోని నైట్రోజన్ ఆక్సైడు వాయువు భవనమంతా వ్యాపించింది. అక్కడి విలువైన పరికరాల మీద తుప్పు పొర పేరుకొన్నది. అధికారులు వారిని ఆరుబయటికి పొమ్మన్నారు. తోటి విద్యార్థులు వారికి 'ఆత్మహత్యా దళం' అని పేరు పెట్టారు. ఆ పేరులో వెక్కిరింపుతోపాటు కొంత భయం కూడా ఉన్నదని నాకు అనిపిస్తుంది.

వారు చివరకు ఎర్రటి పొగలు చిమ్మే గాఢ నత్రికామ్లాన్ని ఆక్సీకరణిగా ఎంచుకొన్నారు. మీరు ప్రయోగశాలలో దూరం నుంచి చూసి ఉండే నత్రికామ్లానికి ఇది మరింత ఉగ్రరూపం. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉంటుంది, నిల్వ ఉంటుంది. ఇంధనం పెట్రోలు. చిక్కు ఇక్కడే వచ్చింది. యంత్రం బాగానే అంటుకొనేది, కాసేపటికి గుండెదడ వచ్చినట్లు అదిరేది, ఆ అదురు పెరిగి పేలిపోయేది. పెట్రోలు, ఆమ్లం కలిసిన వెంటనే అంటుకోవు. ఆ స్వల్ప వ్యవధిలో మండని ద్రవం గదిలో పోగుపడి, ఒక్కసారిగా భగ్గుమంటుంది. 1942 ఫిబ్రవరిలో అనాపొలిస్‌లోని నౌకాదళ ప్రయోగశాలకు వెళ్ళిన మలీనాకు ఒక సంగతి తెలిసింది. అనిలీన్ అనే ద్రవం నత్రికామ్లం తగిలితే చాలు, తనంతట తానే మండుతుందని అక్కడ రే స్టిఫ్ అనే అధికారి కనుగొన్నారు. మలీనా వెంటనే తన సహచరుడు మార్టిన్ సమ్మర్‌ఫీల్డ్‌కు పెట్రోలు మాని అనిలీన్ వాడమని తంతి పంపారు. యంత్రం అదరడం మానింది. తగిలిన చుక్క తగిలినట్లే మండిపోతే ఇక పోగుపడడానికి మిగిలేదేముంటుంది? ఆ ఏడాది ఏప్రిల్ 15న అలాంటి యంత్రాలు అమర్చిన ఏ-20 యుద్ధవిమానం మ్యూరాక్ ఎడారి నుంచి నేల విడిచింది. ఇంతటి చిక్కు ఒక్క ద్రవాన్ని మార్చడంతో విడిపోయిన తీరు ఎన్నిసార్లు చదివినా నాకు విసుగు పుట్టదు.

తాకినంతనే మండే ఇటువంటి జంటలకు జర్మనీ శాస్త్రజ్ఞులు 'హైపర్‌గోల్' అని పేరు పెట్టారు. దీనికి తెలుగు మాట చెప్పమని భౌతికశాస్త్రం బోధించే సహాధ్యాపకులొకరు నన్ను అడిగితే 'స్పర్శజ్వలనం' అన్నాను. అరణికి మథనం కావాలి, దీనికి స్పర్శ చాలు. జర్మనీవారి కోమెట్ యుద్ధవిమానం ఈ పద్ధతిలోనే నడిచింది. దాని రెండు ద్రవాలను వేర్వేరు బండ్లలో తెచ్చి, ఒకటి వెళ్ళిపోయిన తరువాతనే రెండవదానిని దగ్గరికి రానిచ్చేవారు.

నింపి ఉంచగల రాకెట్ అంటే ఏ క్షణమైనా ప్రయోగించగల క్షిపణి. సైన్యాలకు కావలసినదీ అదే. సోవియట్ యూనియన్ నత్రికామ్లం, హైడ్రజీన్ జాతి ఇంధనంతో ఆర్-16 క్షిపణిని నిర్మించింది. 1960 అక్టోబరు 24న బైకనూర్‌లో దానిని తొలి ప్రయోగానికి సిద్ధం చేస్తున్నారు. నవంబరు 7న వచ్చే విప్లవ వార్షికోత్సవంలోగా పని ముగించాలన్న తొందర. లోపాలు కనిపించినా చోదకాలను తీసివేయకుండానే, నిండు క్షిపణి చుట్టూ నిలబడి మరమ్మతులు చేశారు. రెండవ దశ యంత్రం ఉన్నట్టుండి అంటుకొన్నది. మార్షల్ నెదెలిన్‌తో సహా డెబ్బైమందికి పైగా దగ్ధమైపోయారు. క్షిపణి రూపకర్త యాంగెల్ సిగరెట్టు కాల్చుకోవడానికి రక్షణ గదిలోకి వెళ్ళినందువల్ల బ్రతికారు. నెదెలిన్ విమాన ప్రమాదంలో మరణించాడని ప్రభుత్వం ప్రకటించింది. అసలు సంగతి అక్కడి పత్రికలలోకి 1989లో గాని రాలేదు. ఆ చోదకాలకు వేచి ఉండే శక్తి ఉన్నది. ఓపిక లేనిది మనుషులకే. ఆ సంఘటనను సాంకేతిక లోపమని మాత్రమే చెప్పి ఊరుకొనే పుస్తకాలంటే నాకు గౌరవం తక్కువ.

ఆ జాతి ద్రవాలే మనిషిని చంద్రుని మీద నుంచి తిరిగి తెచ్చాయి. 1969 జులై 21న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లను పైకి లేపిన యంత్రానికి పంపు లేదు, నిప్పురవ్వ పుట్టించే సాధనం లేదు. కవాటాలు తెరుచుకొంటే రెండు ద్రవాలు కలవాలి, మండాలి. అది మండకపోతే మరొక మార్గం లేదు.

మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్‌లో కూడా ఇటువంటి చిన్న యంత్రమే ఉన్నది. దాని తోపుడు బలం 440 న్యూటన్లు, అంటే భూమి మీద సుమారు 45 కిలోల బరువును ఎత్తగలిగినంత. డిసెంబరు 1న భూకక్ష్య దాటించిన తరువాత అది దాదాపు 300 రోజులు నిద్రించింది. అంతకాలం ఆ ద్రవాలు కవాటాల వెనుక ఎలా ఉన్నాయో చూసి రాగలవారు లేరు. 2014 సెప్టెంబరు 22న దానిని నాలుగు సెకన్లపాటు మండించి చూశారు. పలికింది. 24వ తేదీ ఉదయం అసలు పని కోసం ఇరవైమూడు నిమిషాలకు పైగా మండింది. ఆ సమయంలో కొంతసేపు ఉపగ్రహం కుజగ్రహం వెనుక ఉండిపోయింది. బెంగళూరులోని శాస్త్రజ్ఞులకు సంకేతాలు అందలేదు. అది మళ్ళీ ఇవతలికి వచ్చేదాకా వారు తెరల ముందు కూర్చొని ఎదురుచూశారు.