పాప ఈత, నా భయం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మా వీధంతా నీళ్లయిపోయింది. పై అంతస్తులో ఓనర్ గారింట్లో తలదాచుకున్నాం. మర్నాడు పడవ వచ్చింది. ఏడేళ్ల మా పాప పడవ ఎక్కనంటూ నా మెడ కరుచుకుని ఒకటే ఏడుపు. ఎలాగో ఎత్తుకుని ఎక్కించాం. ఆ తర్వాత చాలా రోజులు తలంటు పోసేటప్పుడు మొహం మీద నాలుగు చుక్కలు పడితే చాలు, కెవ్వుమనేది.

అందుకే వేసవి సెలవులు రాగానే "పాపకి ఈత నేర్పిద్దామండీ" అన్నాను మావారితో. విజయవాడలో ఉండి నీళ్లకి దూరంగా ఎలా ఉంటాం? ఒక పక్క కృష్ణ, ఊళ్లోంచే ఏలూరు, బందరు, రైవస్ కాలవలు.

నేర్పించడానికి ఇద్దరం ఒప్పుకున్నాం గానీ, ఎలా నేర్పించాలన్న దగ్గర పేచీ వచ్చింది. "గ్రూపులో వేద్దాం. పదిమందిని చూసి అదే నేర్చుకుంటుంది, మేం కాలవలో అలాగే నేర్చుకున్నాం" అన్నారు ఆయన. "పదిమందిలో మన పిల్ల మునిగితే ఎవరు చూస్తారు?" అన్నాను నేను. గ్రూపు నెలకి 2,000. ప్రైవేటు పన్నెండు క్లాసులకి 6,000. చివరికి నా మాటే నెగ్గింది.

కోచ్ ఒక అమ్మాయి. ఎంతో ఓపిక. మొదటిరోజు మెట్ల మీద కూర్చోబెట్టి కాళ్లు ఆడించింది, రెండోరోజు నీళ్లలో బుడగలు ఊదించింది. నేను టవల్ పట్టుకుని గట్టు మీదే కూర్చునేదాన్ని. పాప మొహం నీళ్లలో పెట్టబోయిన ప్రతిసారీ నావైపు చూసి వెనక్కి తగ్గేది. ఐదోరోజు ఆ అమ్మాయి మెల్లిగా అంది, "మేడమ్, రేపట్నుంచి మీరు బయట కూర్చోండి. పాప నీళ్లని చూడట్లేదు, మీ మొహం చూస్తోంది."

ఆ మాటకి మనసు చివుక్కుమంది. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే నిజమే అనిపించింది.

మా అమ్మమ్మగారి ఊరు ఉయ్యూరు దగ్గర. ఇంటి వెనకే కాలవ. మావయ్య మా తమ్ముడికి, బావలకి నడుముకి సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పాడు. నేనూ దిగుతానంటే "ఆడపిల్లవి, నీకెందుకే" అంది అమ్మమ్మ. ఓసారి గిన్నెలు తోముతూ రేవు మెట్ల మీద పాచికి జారి పడ్డాను. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు. పాపకి నేను అందించింది జాగ్రత్త అనుకున్నాను. కాదు, ఆ పాచిమెట్టునే అందించాను.

మిగిలిన క్లాసులకి బయటే కూర్చున్నాను. పన్నెండూ అయ్యేసరికి పాప వెల్లకిలా తేలడం నేర్చుకుంది కానీ కోచ్ చెయ్యి మాత్రం వదిలేది కాదు. అప్పుడు మావారి మాట విని గ్రూపులో వేశాం. తనకంటే చిన్నవాడొకడు "అక్కా, చూడు!" అని గోడ వదిలేసి వెళ్లిపోయాడట. ఇదీ వదిలేసింది. పదిరోజుల్లో పూల్ అడ్డంగా ఈదేసింది!

నాకు అర్థమైంది ఇదీ. బెరుకున్న పిల్లలకి ముందు కొన్నాళ్లు ప్రైవేటు, ఆ బెరుకు తగ్గాక గ్రూపు. బెరుకు లేకపోతే నేరుగా గ్రూపే నయం. ఎక్కడ వేసినా ఒక్కో కోచ్‌కి ఎంతమంది పిల్లలో, కోచ్ నీళ్లలో దిగుతారో లేక గట్టు మీద విజిల్ ఊదుతారో అడగండి. చేతులు కాళ్లు కొట్టడం కంటే ముందు తేలడం నేర్పమనండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరేళ్లు దాటిన పిల్లలకి ఈతతో పాటు, ప్రమాదంలో ఉన్నవాళ్లని తమకి ప్రమాదం లేకుండా కాపాడటం కూడా నేర్పమంటోంది. ఒకరిని పట్టుకోబోయి ఇంకొకరు పోయారన్న వార్తలు మనకి కొత్త కాదు కదా! అందుకే పాపకి రోజూ చెప్తున్నాం: ఎవరైనా పడితే దూకకు, గట్టిగా అరువు, కర్రో చున్నీయో అందించు. పూల్‌లో ఈత వచ్చినంత మాత్రాన కృష్ణలో దిగొచ్చనుకోకు.

అన్నట్టు, వచ్చే నెల లేడీస్ బ్యాచ్‌లో నా పేరూ ఇచ్చాను. "నేను గట్టు మీద కూర్చుని చూస్తానమ్మా" అంది పాప.

"వద్దు తల్లీ, నువ్వు బయట కూర్చో" అన్నాను.