ఓటీపీ ఎవరికీ చెప్పవద్దట!



హాస్టల్ సంచిక అనగానే మెస్ చారు గురించో, వీడ్కోలు సభ గురించో రాయడం రివాజు. ఈసారి మేము ఆరు అంకెల గురించి రాస్తున్నాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్లు, మార్కులు వచ్చినా, ఫీజు డబ్బులు చేతిలో ఉన్నా, ఈ ఆరు అంకెలు రాకపోతే మన దరఖాస్తు గడప దాటదు. దాని పేరే ఓటీపీ.

మేము పీజీ చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇంటికి చదువుకున్నవాడు ఒక్కడు, సెల్‌ఫోను ఒక్కటి. ఆ ఫోను పొద్దున్నే నాన్న జేబులో పనికి పోతుంది, సాయంత్రం అమ్మ చేతికి వస్తుంది, రాత్రి చెల్లి చదువుకు పనికొస్తుంది.

ఓటీపీ అంటే ఒక్కసారికే పనిచేసే రహస్య సంఖ్య. మనం బటన్ నొక్కగానే అవతలి కంప్యూటరు ఒక సంఖ్య తయారుచేసి మన నంబరుకు పంపుతుంది. కొద్ది నిమిషాల్లో దాన్ని తిరిగి టైపు చేయాలి. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటే వారే దరఖాస్తుదారు అని దాని నమ్మకం. దొంగల బారి నుంచి కాపాడటానికి ఇది మంచి ఏర్పాటే, కాదనం. కానీ ఈ లెక్క వేసినవారు మనిషికో ఫోను అనుకున్నారు. మా ఊళ్లలో ఫోను మనిషిది కాదు, ఇంటిది!

ఆధార్ తీయించుకున్న రోజుల్లో మాలో కొందరి ఇళ్లలో ఆ ఒక్క ఫోనూ లేదు. కిరాణా కొట్టు బాబాయి నంబరు రాయించారు. ఇంకొందరికి సొంత నంబరు ఉన్నా నిలవలేదు. ట్రాయ్ 2013 నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ రకంగానూ వాడకుండా, ఖాతాలో 20 రూపాయలైనా లేకుండా ఉంటే రద్దు చేయవచ్చు. అలా రద్దయిన నంబరును మరో 90 రోజుల వరకు ఎవరికీ ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకు చెప్పారు. ఆ తర్వాత? మన ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి పోతుంది.

మా గది మిత్రుడొకడు ఒక ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేశాడు. కూలి డబ్బులు అందాకే ఫీజు కట్టగలడు కనుక అది ఆఖరి రోజైంది. వాళ్ల నాన్న మిరప కోతలో ఉన్నాడు.

"నాయనా, మెసేజీ వచ్చింది చూడు. అందులో నంబరు చెప్పు."

"ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పారు కదరా?"

"అడిగేది నేనే కదా!"

"నాకు చదవరాదాయె. ఉండు, మేస్త్రిని పిలుస్తా."

అది బటన్ల ఫోను. మాట్లాడుతూ మెసేజీ చూడటం ఆయనకు తెలియదు, కాల్ పెట్టేయాలి. మేస్త్రి వచ్చేసరికి గడువు దాటింది. మళ్లీ పంపమన్నాం. రెండోది వచ్చింది, మేస్త్రి మొదటిది చదివాడు. మూడోసారి సిగ్నల్ లేదు. చివరకు తెరమీద ఇలా వచ్చింది: "మీరు తప్పు ఓటీపీ నమోదు చేశారు. 24 గంటల తర్వాత ప్రయత్నించండి." 24 గంటల తర్వాత దరఖాస్తు పేజీయే మూసేశారు. వాడికి ఆ సంవత్సరం పోయింది.

రాత్రి ఆయనే ఫోన్ చేసి, "నాకు చదువు లేకపోబట్టే నీ పరీక్ష పోయింది గదరా" అన్నాడట. వాడు ఆ పూట అన్నం తినలేదు.

మిత్రులారా, మాకు బాధ కలిగించింది ఆ మాటే. తెరమీద "మీరు తప్పు చేశారు" అని వస్తే, జీవితమంతా ఎండలో కష్టపడ్డ మనిషి అది తన తప్పే అనుకున్నాడు. 2021 మార్చి 8న దేశమంతటా ఎందరికో ఓటీపీలు రాలేదు. అనవసర మెసేజీలను అరికట్టడానికి టెలికం సంస్థలు కొత్త వడపోత పెడితే, అవసరమైనవీ అందులో చిక్కుకున్నాయి. మర్నాడే ట్రాయ్ ఆ వడపోతను వారం రోజులు ఆపించింది. పట్నంలో ఓటీపీ ఆగితే ఏర్పాటులో లోపమన్నారు. మిరప తోటలో ఆగితే చదువురాని నాన్న తప్పా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పద్దెనిమిదేళ్లు నిండగానే మీ పేరు మీద సిమ్ తీసుకోండి. ఆధార్‌లో ఏ నంబరుందో చూసుకుని, అది మీది కాకపోతే ఇప్పుడే మార్పించుకోండి. ఈమెయిల్‌కు ఓటీపీ పంపే వీలున్నచోట అదే ఎంచుకోండి. దరఖాస్తుల కాలంలో రీచార్జి అయిపోకుండా చూసుకోండి. డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా సీనియర్లను అడగండి. ఆ మాత్రం చందా వేసుకోలేని గదులు కావు మనవి.

పూర్వ విద్యార్థులారా, మీలో సాఫ్ట్‌వేర్ రాసేవారున్నారు. పది నిమిషాలు గడువు పెంచడం, మెసేజీ తెలుగులో పంపడం, పాత సంఖ్య ఏదో కొత్తది ఏదో తెలిసేలా రాయడం మీ చేతిలోని పనులే. అన్నింటికంటే ముందు, "మీరు తప్పు చేశారు" అనే ఆ వాక్యం మార్చండి. "గడువు దాటింది, మళ్లీ పంపుతాం" అంటే చాలు.